సుత్తె ఆగాల్సిన చప్పుడు

ఆదివారం పొద్దున చిక్కడపల్లి సందులో లక్ష్మయ్య తన డీసీఎం వ్యాను చక్రాలకు రాళ్లు అడ్డం పెడుతుంటే, భార్య యశోదమ్మ చాయ్ గ్లాసుతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"మెకానిక్ తాన ఇడిస్తే అయిపోతది గద. ఇంటిముంగట గీ గ్రీసు పనేంది?"

"క్రాసులే గద. నేనే ఏసుకుంట."

ఇంజను బలాన్ని వెనక చక్రాలకు మోసే పొడుగాటి షాఫ్టును రెండు కొసలా పట్టి ఉంచే ఇనుప ముక్కలు ఆ క్రాసులు. అరిగితే బండి కదిలినప్పుడల్లా టక్కుమంటుంది. ఆ టక్కు సందంతా విన్నది, లక్ష్మయ్య తప్ప. "నీ బండి కదిల్తే మా మనుమడు ఉలిక్కిపడుతుండన్నా" అని ఎదురింటి మాసమ్మ అన్నాకే అతను బండి కిందికి దూరాడు. షాఫ్టును చేత్తో కదిపితే వదులు తెలిసింది.

చెవులు మందగించి ఏడాది దాటింది. ఎవరికీ చెప్పలేదు. మనుషుల పెదాలు చూసి, బండి అద్దాలు చూసి నెట్టుకొస్తున్నాడు. మెకానిక్ దగ్గరికి పోతే "ఇంత సప్పుడొస్తుంటే ఎట్ల తోలినవన్నా" అని అడుగుతాడు. అక్కడ మొదలైన మాట బండి దిగమనేదాకా పోతుంది. స్టీరింగు పట్టని తనను తాను లక్ష్మయ్య ఎన్నడూ ఊహించుకోలేదు.

దానికి తోడు బిడ్డ భాగ్యశ్రీ నిన్నటి నుంచి ముఖం ముడుచుకుని ఉంది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగుకు పోయి వచ్చిన దగ్గర్నుంచి పలుకు లేదు. ఏదో అడిగి ఉంటుంది, తనకు వినపడి ఉండదు. ఆ గుబులుతోనే ఇంట్లోకి చూసి పిలిచాడు.

"బిడ్డా, షాఫ్టు పట్టనీకి జర చెయ్యి సాయం రా."

ఆమె చున్నీ నడుముకు చుట్టుకుని వచ్చింది. "నాకు టెస్టుంది. జల్ది కానియ్యి."

"మీ పరీక్షల గివి అడుగరా?"

"అడిగితే నీకే నౌకరొస్తది." నవ్వలేదు.

లక్ష్మయ్య అమరిక తప్పకుండా సుద్దముక్కతో గుర్తులు పెట్టి, బోల్టులు విప్పి, షాఫ్టును గోనెసంచి మీదికి దించాడు. పాత క్రాసు కొసలు తుప్పుపొడి రాల్చాయి. కొత్తదాని నాలుగు కొసలకూ నాలుగు కప్పులు. ఒక్కో కప్పులో గ్రీసుకు అంటుకుని వరసగా నిలబడ్డ సన్నటి ఇనుప సూదులు. ఒక్క సూది అడ్డం పడినా కప్పు షాఫ్టు రంధ్రంలోకి దిగదు. సుత్తెతో కొడుతుంటే కప్పు దిగినంతసేపూ మొద్దు చప్పుడు వస్తుంది. ఎక్కడైనా తగిలి ఆగితే కంగుమంటుంది. అప్పుడు సుత్తె ఆగాలి.

మూడు కప్పులకు, ఊడిపోకుండా లాకు పట్టే గాడి కంటికి కనపడగానే ఆపాడు. నాలుగో దానికి గాడి కనపడలేదు. ఇంకా దిగాలనుకుని కొట్టాడు.

"కంగుమంటుంది నాయినా, ఆపు," అన్నది వెనక నుంచి భాగ్యశ్రీ.

సుత్తె పడింది.

"నాయినా."

మళ్లీ పడింది. కప్పు పగిలి, నలిగిన సూది బయటికి వచ్చింది. భాగ్యశ్రీ ముందుకొచ్చి సుత్తె పట్టుకుంది.

"ఎన్నిసార్లు చెప్పాలె? ఎవల మాట ఇనవా? నిన్న నారాయణగూడ చౌరస్తాల గిట్లనే చేస్తివి. నీ ఎన్క అంబులెన్సు సైరన్ కొట్టుకుంట నిలవడ్డది. నువ్వు ఇంచు జరగలే. నేను పక్క బస్సుల ఉన్న. అందరు తిడుతుంటే, ఆయన మా నాయిన అని చెప్పలేక తల దించుకున్న."

లక్ష్మయ్య ఆమె పెదాలనే చూస్తున్నాడు.

"ఏ అంబులెన్సు?"

భాగ్యశ్రీ చేతిలోని సుత్తెను మెల్లగా కింద పెట్టింది.

"నీకు ఇనపడలేదా నాయినా?"

అతను పగిలిన కప్పును చేతిలోకి తీసుకున్నాడు. "పోయిందా అంబులెన్సు?" అన్నాడు.

"పోలీసాయన దాన్ని ఎన్కకు తీపిచ్చి వేరే తొవ్వకు మలిపిండు. పోయింది."

అంతవరకు గడపలో నిలబడిన యశోదమ్మ వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. "ఆర్నెల్ల సంది నీ ముంగటికి వచ్చే మాట్లాడుతున్న. బయటపెడితే బండి దిగుతవ్, దిగితే మంచం పడ్తవని నేను గూడ నోరు మూసుకున్న."

"నీకు తెలుసా?"

"ఒక్క మంచం మీద పండేదాన్ని, తెల్వదా?"

భాగ్యశ్రీ కళ్లు తుడుచుకుంటే చేతి గ్రీసు చెంపకు అంటింది. ఆ పొద్దు ఆమె టెస్టుకు పోలేదు. ఇంకో క్రాసు తెచ్చి, తండ్రి భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. చప్పుడు మారినప్పుడల్లా భుజం నొక్కింది. అతను ఆగాడు. షాఫ్టు ఎక్కించాక లక్ష్మయ్య తాళంచెవులు యశోదమ్మ ఒడిలో వేసి లోపలికి పోయాడు.

సోమవారం బర్కత్‌పురలో చెవుల డాక్టరు దగ్గర అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. చప్పుడు వినపడగానే వేలు ఎత్తమన్నారు. అద్దం అవతల మీట నొక్కే అమ్మాయి చెయ్యి ఎప్పుడు కదులుతున్నదీ లక్ష్మయ్యకు కనపడుతూనే ఉంది. ఆ చెయ్యి చూసి వేలెత్తితే చాలు, బండి మళ్లీ తనదే.

ఆ అమ్మాయి వెనక యశోదమ్మ, భాగ్యశ్రీ నిలబడి ఉన్నారు.

లక్ష్మయ్య కళ్లు మూసుకున్నాడు. మోకాళ్ల మీద పెట్టిన వేళ్లు చాలాసేపు కదలలేదు.