ఇంటికో బస్తా

2068 నాటికి గోడలకు నోరొచ్చింది.

బడి గోడకో, వంతెన స్తంభానికో చెవికర్ర ఆనిస్తే చాలు, అందులో సిమెంటు ఎంత, ఇసుక ఎంత, ఎన్ని రోజులు నీళ్ళతో తడిపారు, ఏ నెలలో పోశారు, అన్నీ అదే చెప్పేది. జిల్లా ఆసుపత్రిలో పేషెంటును చేర్చిన బంధువులు ముందు మంచం పక్క గోడకు కర్ర ఆనించి విని, ఆ తర్వాతే దుప్పటి పరుచుకునేవారు. గోడ అబద్ధం చెప్పదని జనానికి నమ్మకం కుదిరింది. ఇంజనీరు మీద, మంత్రి మీద, కోర్టు మీద కుదరని నమ్మకం అది.

గోడకు నోరిచ్చింది సాక్షిరేణువు. ఆవగింజలో పదోవంతు ఉంటుంది. పైన సిరామిక్ పెంకు, లోపల ఒక పీజో స్ఫటికం. ప్రభుత్వ పనులకు వెళ్ళే ప్రతి సిమెంటు బస్తాలోనూ ఫ్యాక్టరీలోనే లక్షల రేణువులు కలిపేస్తారు. ఏ రేణువు ఏ బస్తాదో దాని మీద ముద్ర ఉంటుంది. చెవికర్ర పంపిన రేడియో తరంగం తగలగానే స్ఫటికం కంపించి బదులిస్తుంది. ఘనపుటడుగులో ఎన్ని రేణువులు పలికితే అంత సిమెంటు ఉన్నట్టు. ఉప్పు తగిలితే పెంకు ఉబ్బి కంపనం మారుతుంది కాబట్టి సముద్రపు ఇసుక కలిపినా దొరికిపోతారు. పగలగొట్టి పొడి చేసినా రేణువు చావదు.

దాన్ని తయారుచేసిన మనిషి డాక్టర్ తిరుమాని లాస్య. ఊరు మొగలతిప్ప. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఇసుక మీద నూట నలభై మూడు గడపలు. 2049 తుఫానులో ఆ ఊరి ఆశ్రయ భవనం కప్పు కూలి నలభై ఒక్కమంది చనిపోయారు. గాలికి భయపడి ఇల్లు వదిలి, ప్రభుత్వం కట్టిందని నమ్మి అందులోకి వెళ్ళినవాళ్ళు. వాళ్ళలో లాస్య తల్లి ఉంది. లాస్యకు అప్పుడు పదహారేళ్ళు. విచారణ సంఘం మూడేళ్ళు కూర్చుని ‘ప్రకృతి వైపరీత్యం’ అని రెండే మాటలు రాసింది. కప్పు ముక్కను చేత్తో నలిపితే పొడయింది. దానికి ప్రకృతి ఏం చేసింది?

ఆ కోపంతోనే ఆమె చదువుకుంది. ఆ కోపంతోనే రేణువును తయారుచేసింది. సాక్షి చట్టం రాసేటప్పుడు నిపుణురాలిగా వెళ్ళి రెండు సంగతుల మీద పట్టుబట్టింది. ఒకటి, గోడ చెప్పిన దాన్ని ఆమోదించే అధికారం ఏ ఆఫీసరుకీ ఉండకూడదు, గ్రామసభకే ఉండాలి. ఆఫీసరును కొనొచ్చు, ఊరందర్నీ కొనడం ఎవరివల్లా కాదని వాదించింది. రెండు, దొంగ సిమెంటు ఎక్కడ పలికితే ఆ కట్టడాన్ని పగలగొట్టాలి, ఎవరిదైనా సరే. రెండూ చట్టంలోకెక్కాయి.

2068 జూన్‌లో మొగలతిప్ప కొత్త ఆశ్రయం పూర్తయింది. పరీక్షకు లాస్యే వచ్చింది. తోడుగా ఆమె ప్రయోగశాలలో పనిచేసే నఫీసా వచ్చింది. మొదటి స్తంభం దగ్గరే సంగతి తేలిపోయింది. భవనం మొత్తానికి ఐదువందల ఇరవై బస్తాలు పోయాల్సిన చోట మూడువందల ఎనభై పలికాయి. ఇసుకలో ఉప్పు. అంటే లోపల ఇనుము అప్పుడే తుప్పు పడుతోంది. గట్టి గాలి ఒక్కటి వస్తే పాత కథే.

కాంట్రాక్టరు హర్షవర్ధన్ అక్కడే ఉన్నాడు. తడబడలేదు. ఫ్యాక్టరీ వాళ్ళే తక్కువ పంపారని అన్నాడు. తన ఇల్లు, తన గోడౌను, తన రొయ్యల చెరువు గట్టు కూడా చూసుకోమన్నాడు. చూశారు. ఒక్క రేణువూ పలకలేదు. పోయిన నూట నలభై బస్తాలు ఎక్కడున్నాయో తేల్చకపోతే కేసు నిలవదు. లాస్యకు పట్టుదల పెరిగింది.

ఊళ్ళోకి నడుస్తుంటే దారిలో ఒక ఇంటి అరుగు పక్కన కర్ర దానంతటదే పలికింది. నఫీసా కర్రను విదిలించి అరుగుకు ఆనించింది. మళ్ళీ పలికింది. పక్కింటి బట్టలుతికే బండ పలికింది. ఆ పక్కింటి గేదెల తొట్టి పలికింది. రామాలయం పూజారి ఇంటి మెట్టు, చర్చి పాస్టరు ఇంటి మెట్టు రెండూ పలికాయి.

"కర్ర పాడైందేమో మేడమ్," అంది నఫీసా.

కర్ర పాడవలేదు. సాయంత్రానికి లెక్క తేలింది. నూట నలభై ఇళ్ళు, ఇంటికో బస్తా. పలకనివి మూడే మూడు. ఒకదానికి పదేళ్ళుగా తాళం. మిగతా రెండూ సిమెంటన్నది ఎరగని తాటాకు పాకలు.

ఊళ్ళో సర్కారు పని జరుగుతుంటే కాంట్రాక్టరునడిగి ఒక బస్తా తెచ్చుకోవడం అక్కడ ఎప్పటినుంచో ఉన్నదే. అరుగు పగిలింది, ఒక బస్తా ఇప్పించు బాబూ అంటారు. దాన్ని ఎవరూ దొంగతనం అనరు. అసలు దానికొక పేరే లేదు. హర్షవర్ధన్ అడగకుండానే ఇంటింటికీ పంపాడు. ఆ తర్వాత ఇసుక లారీలు నది వైపు నుంచి కాకుండా సముద్రం వైపు నుంచి వస్తుంటే ఎవరూ ఎందుకని అడగలేదు. ఊరందర్నీ కొనడం ఎవరివల్లా కాదని లాస్య అంది కదా. ఇంటికో బస్తా సరిపోయింది.

ఆ లెక్కలో ఆఖరిగా చూసింది ఆమె సొంత ఇల్లే. అరుగు పలకలేదు. గోడ పలకలేదు. ఊపిరి పీల్చుకుంది. పెరటి వెనక, ఇసుక దిబ్బ మీద తల్లి సమాధికి కొత్తగా కట్టిన దిమ్మె దగ్గర కర్ర పలికింది.

తండ్రి సాయికిరణ్‌కు అరవై ఏడేళ్ళు. వల అల్లుతూ తల ఎత్తకుండానే చెప్పాడు. "అది ఇంటికి కాదమ్మాయ్. మీ అమ్మకి. ఆటుకి ఇసుక కోసుకుపోతోంది, చూస్తా ఎట్టా ఊరుకునేది?"

"నాన్నా, అమ్మ చచ్చిపోయింది ఇందుకే."

ఆయన వల ముడి ఇంకోటి వేశాడు.

గ్రామసభ ఆదివారం పగలు జరిగింది. చేతులు లెక్కపెట్టే కెమెరాను, జనం లెక్కకన్ను అనేదాన్ని, స్తంభానికి కట్టారు. లాస్య నివేదిక చదివింది. ఆశ్రయం పడగొట్టి మళ్ళీ కట్టాలి, అక్టోబరులోపు కట్టాలి, లేకపోతే ఆరువందల మంది దాని కింద కూర్చోవాలి అని చెప్పింది. నివేదిక మొత్తంగా ఒప్పుకోవాలి, ఇళ్ళ పేజీలు తీసేస్తే కోర్టు కొట్టేస్తుందని కూడా చెప్పింది. కాంట్రాక్టరును జైల్లో పెట్టాలన్న దగ్గర చప్పట్లు కొట్టారు. ఇళ్ళ పేజీ రాగానే చప్పట్లు ఆగిపోయాయి.

సర్పంచ్ ఒడుగు మౌనిక లాస్యను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి. నెమ్మదిగానే మాట్లాడింది. "నువ్వు చదువుకున్నదానివి లాస్యా, కాదనం. నీ కర్ర కాంట్రాక్టర్ని దొంగంటే వింటాం. మమ్మల్ని దొంగలంటే ఎట్టా వింటాం చెప్పు?"

కర్ర నమ్మదగినది కాదని, ఆశ్రయం దృఢంగా ఉందని తీర్మానం పెట్టారు. లెక్కకన్ను నాలుగువందల పన్నెండు చేతులు లెక్కపెట్టింది. వాటిలో ఒకటి సాయికిరణ్‌ది. లంచం లేదు, బెదిరింపు లేదు, దొంగ ఓటు లేదు. ఆమె కోరుకున్న ప్రజాస్వామ్యం పొల్లు పోకుండా జరిగింది.

అక్టోబరు పదకొండు ఉదయం హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నానికి తీరం దాటుతుందని, గాలి గంటకు రెండువందల కిలోమీటర్లని. తండ్రిని తీసుకుపోవడానికి లాస్య కారేసుకుని వచ్చింది. ఊరి మొదట్లోనే ఆగిపోవాల్సి వచ్చింది.

ఊరంతా వానలో రోడ్డు మీద ఉంది. ముసలివాళ్ళు, పసిపిల్లలు, మూటలు, మేకలు. పక్కనే ఆశ్రయం తలుపులు బార్లా తెరిచి, దీపాలు వెలుగుతున్నాయి. లోపల ఒక్క మనిషి లేడు. చేతులెత్తి గోడ అబద్ధం చెప్పిందన్నవాళ్ళలో ఒక్కరూ ఆ గడప తొక్కలేదు.

"బస్సులు రాలేదమ్మా," అన్నాడు తండ్రి.

లాస్య విపత్తు కేంద్రానికి ఫోన్ చేసింది. అక్కడ మాట్లాడేది యంత్రమే. "మీ గ్రామంలో దృఢమైన ఆశ్రయం ఉన్నట్టు గ్రామసభ తీర్మానం ఉంది. బస్సులు ఆశ్రయం లేని గ్రామాలకు వెళ్ళాయి. దయచేసి ఆశ్రయంలోకి వెళ్ళండి."

అది కూలిపోతుంది, ఆ పరీక్ష చేసింది నేనే అని లాస్య చెప్పింది.

"మీ నివేదికను సభ తిరస్కరించింది డాక్టర్ గారూ. మీరొక్కరు చెబితే మార్చలేను. సగానికి పైగా ఇళ్ళవారు పేరు చెప్పి, తాము తీసుకున్నది ఒప్పుకుంటే బస్సులు మళ్ళించగలను."

స్పీకర్లో అందరూ విన్నారు. గోడకు బీట పడిందని చెప్పేయమని మౌనిక గొణిగింది. ఆశ్రయంలో వాళ్ళ కెమెరా ఉంది, అందులో బీట కనపడదు పిన్నీ అంది లాస్య. గాలికి ఎవరిదో రేకు ఎగిరి రోడ్డు మీద దొర్లుకుంటూ పోయింది. లాస్య ఫోను తండ్రి ముందు పట్టుకుంది. ఆయన దాని దగ్గరికి వంగాడు.

"తిరుమాని సాయికిరణ్. ఒక బస్తా. మా ఆవిడ సమాధికి."

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. అర బస్తాయేనని ఒకాయన బేరమాడితే, రేణువులు ఒక బస్తాకు సరిపోయాయని యంత్రం మర్యాదగా చెప్పింది. దింపించుకుంది మా ఆయన, నాకేం తెలీదంది ఒకావిడ. ఇంకొకాయన తన పేరు చెప్పకుండా పక్కింటివాళ్ళ పేరు చెప్పాడు. డెబ్బై రెండో గడప దగ్గర యంత్రం ఇక చాలంది. ఇరవై నిమిషాల్లో డ్రైవరు లేని బస్సులు పన్నెండు వచ్చాయి.

ఊరినంతా పాతిక కిలోమీటర్ల దూరంలోని ఒక కల్యాణ మండపంలో దింపారు. జనం తలలు తుడుచుకుని, పెట్టిన పులిహోర తిన్నారు. మధ్యాహ్నం రెండు గంటలకు కబురొచ్చింది. తుఫాను ఉత్తరానికి తిరిగిపోయింది. మొగలతిప్ప మీద వాన తప్ప ఏమీ పడలేదు. ఆశ్రయం అలాగే నిలబడి ఉంది.

పది నిమిషాలు దణ్ణాలు పెట్టుకున్నారు. పదకొండో నిమిషంలో మౌనిక వచ్చి లాస్య పక్కన కూర్చుంది. పొద్దున ప్రాణభయంతో అన్న మాటలు చెల్లవంట కదా, ఊరంతా ఇక్కడే ఉంది కదా, ఇక్కడే గ్రామసభ పెట్టేద్దామంది.

"వెనక్కి తీసుకుంటే మళ్ళీ తుఫానొచ్చినప్పుడు బస్సులు రావు పిన్నీ."

"అప్పుడు మళ్ళీ ఒప్పుకుందాంలే."

వెనక్కి తీసుకున్న మాటను కేంద్రం రెండోసారి వినదు. ఆ సంగతి లాస్య మండపం మధ్యలో నిలబడి గట్టిగా చెప్పింది. 2049లో చనిపోయిన నలభై ఒక్కమంది పేర్లూ చదివింది. తలలు వంచుకుని విన్నారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత లెక్కకన్నును వంట గది తలుపుకు తగిలించారు.

ఒప్పుకున్న మాట కొట్టేయాలంటే హాజరైన ఓటర్లందరూ చెయ్యెత్తాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా మాట అలాగే ఉంటుంది, ఆశ్రయం పడగొట్టాల్సిందే, ఇళ్ళలో కట్టినవీ పడగొట్టాల్సిందే. లాస్య ఓటు ఇంకా మొగలతిప్పలోనే ఉంది. హాలు నిండా చేతులు లేచాయి. ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

సాయికిరణ్ వచ్చి కూతురి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఆశ్రయం ఎన్నిసార్లైనా కట్టుకుంటారమ్మాయ్. దిమ్మె పగలగొడితే మీ అమ్మ మళ్ళీ దొరకదు. ఇసుకలో ఏముందని చూపించను నీకు?"

ఆయన ఆమె మణికట్టు పట్టుకుని పైకెత్తాడు. పలక మీద అక్షరం దిద్దించేటప్పుడు పట్టుకున్నంత మెత్తగా పట్టుకున్నాడు. ఎత్తి, వదిలేశాడు.

బలవంతంగా ఎత్తించిన చెయ్యి లెక్కలోకి రాకూడదని, దించుకోవడానికి మూడు సెకన్లు ఇవ్వాలని చట్టంలో రాయించింది లాస్యే.

ఒకటి. రెండు. మూడు.

"ఏకగ్రీవం," అంది లెక్కకన్ను.