మందకలయిక

ఉదయం ఆరూ పదికి, ఆ రోజు ఏ మంద ఎటు మేయాలో చెప్పే మేతపటం వచ్చింది. తిప్పక్క దొడ్డి తలుపు తీయకముందే నూట నలభై గొర్రెలూ లేచి నిలబడ్డాయి. వాటి మెడల్లో ఉన్న స్వరపట్టీలు మనిషి చెవికి అందనంత సన్నగా మోగుతాయి. ఏ పక్క మోగితే ఆ పక్కకి పోకూడదని గొర్రెకి తెలుసు. కంచె లేదు, కుక్క లేదు, అదిలించడం లేదు. తలుపు తీయగానే మంద మొత్తం బడిపిల్లల్లా వరస కట్టి ఉత్తరపు బీడుకేసి నడిచింది. మనిషన్నవాడు ఒకడు వెనకాల ఉండాలన్నది నియమం కాబట్టి తిప్పక్క కూడా బయలుదేరుతుంది, అంతే.

సుమేధ తన చేతిపలకలో డెబ్భై ఒకటో రోజు హాజరు నమోదు చేసుకుంది. ఆ అమ్మాయిది రాజోలు. సహజ వనరుల కళాశాలలో ఆఖరి ఏడు చదువుతోంది. మేతభూముల శిక్షణ కోసం హగరి ఏటి ఒడ్డున ఉన్న ఈ పల్లెలో తొంభై రోజులుండి నాలుగు మందల్ని చూసుకోవాలి. బస తిప్పక్క ఇంట్లోనే. ఈ పనికి పన్నెండు క్రెడిట్లు. పదికి తగ్గాయా, పట్టా రాదు, వచ్చే ఏడు మళ్ళీ ఇక్కడే మొదటినుంచి చేయాలి. పట్టా వస్తే మాత్రం మేతభూముల మండలి పటశాలలో, అంటే ఈ మేతపటాలు గీసే చోటనే, ఉద్యోగం సిద్ధంగా ఉంది. తరగతి మొత్తంలో ఆ అవకాశం దక్కింది ఆమె ఒక్కదానికే. ఇంతవరకు ఒక్క మచ్చ లేకుండా నెట్టుకొచ్చింది.

"ఈ పొద్దు కరెప్ప మంద యాడుంది పాపా?" అంది తిప్పక్క, భుజాన గొంగడి సర్దుకుంటూ.

రోజూ అడిగే ప్రశ్నే. మొదట్లో సుమేధకి అర్థం కాలేదు గానీ, ఎదురింటివాళ్ళు చెప్పారు: కరెప్ప ఆమె సొంత తమ్ముడు, పక్క పల్లెలో ఉంటాడు, తొమ్మిదేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఓహో, ఎదురుపడకుండా తప్పించుకోవడానికి అడుగుతోంది కాబోలు అనుకుంది సుమేధ. చదువుకున్న పిల్ల కదా, అనుకుని ఊరుకోలేదు. ఇరవై రోజుల కిందట ఆ రెండు మందల మధ్యా పటంలో విరోధ సూచిక పెట్టింది.

అదేమీ చిన్న సంగతి కాదు. స్వరపట్టీలు రాకముందు ఈ బీళ్ళలో గడ్డి కోసం తలలు పగిలేవి. ప్రతి ఎండాకాలం ఒకటో రెండో కేసులు కోర్టుకెక్కేవి. రెండు మందలు ఒకచోట చేరడాన్ని మండలి భాషలో మందకలయిక అంటారు. దానికి మించిన తప్పు లేదు. ఇప్పుడు ఏ రెండు మందలూ కిలోమీటరు లోపలికి రావు. తొమ్మిదేళ్ళుగా ఒక్క గొడవ లేదు. విరోధ సూచిక పెడితే ఆ కిలోమీటరు పదకొండు కిలోమీటర్లవుతుంది. అంత ఎడం రోజూ కుదరకపోతే ఒక మందని వేరే చోటికి మార్చేస్తారు.

"తూర్పు గుట్టల వెనకండీ. ఇంకో శుభవార్త అవ్వా. ఈ శుక్రవారం ఆయన మందని ఏటి అవతలికి మార్చేస్తున్నారు. మూడేళ్ళ దాకా ఇటు రాదు. మీకింక ఆ బెంగ లేదు," అంది సుమేధ సంబరంగా.

తిప్పక్క గొంగడి సర్దుకోవడం ఆపింది.

"మంచిదే," అంది. ఆ రోజు సద్ది మూట ఇంట్లోనే మర్చిపోయి వెళ్ళింది.

మధ్యాహ్నం సుమేధ తూర్పు గుట్టలకి పోయింది. కరెప్ప మందలో రెండు పట్టీలు సరిగ్గా మోగడం లేదని పలకలో సూచన వచ్చింది. కరెప్పకి అరవై దాకా ఉంటాయి. సన్నటి మనిషి, ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు. గొర్రె మెడ పట్టుకుని కూర్చుని, ఆమె పట్టీ విప్పుతుంటే ఎటో చూస్తూ అడిగాడు.

"మా యక్క మంద ఈ పొద్దు ఏ దిక్కుండాది పాపా?"

సుమేధ చేతిలోని మర కింద పడింది.

"ఎందుకండీ? మీకు ఆవిడంటే పడదు కదా?"

"పడదని ఎవురు జెప్పిరి నీకు? మాటల్లేవు. పడకపోవడం వేరే, మాటల్లేకపోవడం వేరే."

ఆ పైన కదిలిస్తే చెప్పాడు. ఈనే గొర్రెల కోసమని తిప్పక్క కాపాడుకున్న గడ్డిలో తన మంద పడింది. గడ్డి మీద నీ పేరు రాసుందా అని తను అన్నాడు. ఇంకెప్పుడూ నా గడప తొక్కొద్దు అని ఆమె అంది. అట్లాంటివి ఏడాదికి రెండుసార్లు మామూలే.

"వారం తిరక్కముందే యాడో ఒక తావ మందలు కలిసేవి. కలిస్తే ఇడదీయల్ల గదా. నా గొర్రె మొకం నాకు తెల్సు, ఆయమ్మ గొర్రె మొకం ఆయమ్మకు తెల్సు. ఇద్దరుంటేనే అయ్యే పని అది. సగం దినం పడ్తాది. సగం దినం నోరు మూసుకోని ఎవురుంటారు పాపా? ఇంటికొచ్చేతలికి అంతా సరిపోయుండేది. ఆ తూరి మాత్రం కొట్లాడిన ఆరో నాడు మీ పట్టీలొచ్చె. మందలు మళ్ళా కలిసిందే లేదు."

"మరి ఇంటికి వెళ్ళి మాట్లాడచ్చు కదండీ. లేకపోతే పలకలో పిలవచ్చు."

కరెప్ప ఆమెని జాలిగా చూశాడు.

"గడప తొక్కొద్దని అనింది గదా. నేను బోతే సిగ్గులేనోన్ని. ఆయమ్మ వస్తే ఆయమ్మ తగ్గినట్ల. బీట్లో అయితే ఎవురూ పోయినట్ల కాదు, ఎవురూ వచ్చినట్ల కాదు. గొర్రెలు కలిసినాయి, అంతే." ఏటి వైపు చూసి నిట్టూర్చాడు. "పోనీలే. అవతలికి బోతే ఇంగ ఆశ గూడా ఉండదు. అవతలికి తోలించినోడు ఎవడో గాని, పుణ్యాత్ముడు."

ఆ పుణ్యాత్మురాలు తనేనని సుమేధ చెప్పలేకపోయింది. పట్టీ బిగించి, తల వంచుకుని వచ్చేసింది. తను చేసిన మంచిపని తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం కళాశాలలో తన పర్యవేక్షకుడు చంద్రమౌళి గారిని పలకలో పిలిచింది. మంచి మనిషి, నెమ్మదస్తుడు. ఆమె చెప్పింది అంతా విన్నాడు.

"విరోధ సూచిక ఒకసారి పటానికెక్కితే మూడేళ్ళ దాకా తీయడానికి లేదమ్మా. అయినా ఎందుకు తీయడం? ఇద్దరిలో ఎవరైనా ఫిర్యాదు చేశారా?"

"లేదు సార్."

"కలుస్తామని ఎవరైనా అర్జీ పెట్టుకున్నారా?"

"పెట్టుకోరు సార్. అడక్కుండా జరగాలి వాళ్ళకి."

"అడక్కుండా జరగాల్సినవాటికి మన దగ్గర దరఖాస్తు నమూనా లేదు సుమేధా," అన్నాడాయన. ఎగతాళిగా అనలేదు, ఉన్న మాటే చెప్పాడు.

శుక్రవారం వచ్చింది. ఏటికి రేవు ఒకటే, తిప్పక్క మంద నీళ్ళకి వచ్చేదీ అక్కడికే కాబట్టి ఆ పూటకి పదకొండు కిలోమీటర్ల నియమం సడలించారు. పటం ప్రకారం పది గంటలకి కరెప్ప మంద రేవు దాటాలి. అంతవరకు తిప్పక్క మందని కిలోమీటరు దూరంలో, తుమ్మచెట్ల దగ్గర నిలిపి ఉంచాలి. పట్టీలు సవరించేటప్పుడు వాడే మరమ్మతు మీట ఒకటి సుమేధ పలకలో ఉంది. దాన్ని ఏ మందకి నొక్కితే ఆ మంద పట్టీలు అయిదు గంటలపాటు మోగవు. మందలు దొడ్లలో ఉన్నప్పుడు తప్ప దాన్ని ముట్టుకోవద్దని శిక్షణ మొదటి రోజే చెప్పారు.

పదికి అయిదు నిమిషాలుండగా, తుమ్మ నీడలో నిలబడి, రెండు మందలకీ నొక్కేసింది. పటశాల ఉద్యోగం కళ్ళ ముందు తిరిగింది. తన సూచిక వల్లనే వీళ్ళు ఈ రేవు దగ్గర విడిపోతున్నారన్నది అంతకంటే గట్టిగా గుచ్చుకుంది.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఒక ముసలి గొర్రె తల ఎత్తింది. ఎటు తిరిగినా మోత లేదు. ఎండ చురుక్కుమంటోంది, నీళ్ళ వాసన వస్తోంది. అది నడిచింది. దాని వెనక నూట ముప్పై తొమ్మిదీ నడిచాయి. తిప్పక్క అరుస్తూ వెంట పరిగెత్తింది. అడ్డం తిప్పడం అలవాటు తప్పిన చేతులు, మంద ఎక్కడ ఆగుతుంది? పావుగంటలో రేవు నిండా గొర్రెలే, ఏవి ఎవరివో తెలియకుండా.

అక్క ఇటు గట్టున, తమ్ముడు అటు గట్టున నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తిప్పక్క కొంగు నడుముకి చుట్టింది. కరెప్ప పంచె ఎగ్గట్టి, రెండు బండల మధ్య సందులోకి వెళ్ళి కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. ఆమె నాలుక అంగిటికి కొట్టి ఒక కూత పెట్టింది. తొమ్మిదేళ్ళుగా పెట్టని కూత. ముసలి గొర్రెలు చెవులు నిక్కించి అటు కదిలాయి. సందులోకి వచ్చినవాటిలో తనది అయితే కరెప్ప మోకాలితో వెనక్కి నెట్టాడు, ఆమెది అయితే వదిలాడు. గంటసేపు ఆ కూతలూ నీళ్ళ చప్పుడూ తప్ప మాట లేదు. సుమేధ తుమ్మ నీడ వదిలి వచ్చి గట్టు మీద కూర్చుంది.

"ఆ బొల్లిది నాది కాదు," అంది తిప్పక్క, గొర్రెని చూస్తూ.

"నీదే."

"నాది కాదంటి గదా. దాని తల్లి నాది. దాన్ని నీ కోడలి సీమంతానికి నేనే ఇచ్చింటి."

"ఇచ్చినదాన్ని ఇంకా లెక్క పెట్టుకున్నావా నువ్వు?"

"లెక్క పెట్టుకోకపోతే నీ మాదిరి కండ్లు మూసుకోని తిరగల్లనా?"

ఇంక మాటల వరద ఆగలేదు. బొల్లి గొర్రె దగ్గర మొదలై, దాచుకున్న గడ్డి దగ్గరికి పోయి, ఎప్పుడో చచ్చిపోయిన పొట్టేలు దాకా అన్నీ తిరగదోడుకున్నారు. చేతులు మాత్రం గొర్రెల్ని వేరు చేస్తూనే ఉన్నాయి. మధ్యలో కరెప్ప కాలు జారి తూలాడు.

"కాలికేమాయ?"

"ఏమీ కాలే. రెండేండ్ల కింద ఇరిగింది."

"రెండేండ్లా," అంది తిప్పక్క. నీళ్ళలోనే ఉన్న బండ మీద కూలబడింది. "కాలు ఇరిగి రెండేండ్లయితే నాకు ఇప్పుడు తెలుస్తాదా?" కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కరెప్ప వచ్చి పక్కన నిలబడి, ఏం చేయాలో తోచక, ఆమె గొంగడి తడవకుండా పైకెత్తి పట్టుకున్నాడు. సుమేధకీ ఏడుపొచ్చింది, అటు తిరిగి తుడుచుకుంది.

రెండు గంటలకి మందలు వేరయ్యాయి. మూడింటికి సుమేధ పలకలో తప్పిద పత్రం తెరుచుకుంది. కారణం దగ్గర మూడు గళ్ళున్నాయి: పరికర లోపం, ఉద్దేశపూర్వకం, సిబ్బంది అజాగ్రత్త. వెనకే చంద్రమౌళి గారి మొహం కనిపించింది.

"పరికరంలో లోపం లేదు, మీట నొక్కింది నువ్వే. నువ్వు మర్చిపోయే మనిషివి కావు సుమేధా. మొన్న చెప్పినదాని కోసమే అయితే ఉద్దేశపూర్వకమని రాయి. కారణం వివరించు. విచారణ సంఘం ముందు నేను మాట్లాడతాను. రెండు క్రెడిట్లతో పోతుంది, నీకు పది మిగులుతాయి. అజాగ్రత్త అని రాస్తే ఆరు పోతాయి, దానికి అప్పీలు కూడా లేదు."

"నేను రాసింది ఎవరెవరికి వెళ్తుంది సార్?"

"నియమం తెలుసుగా. ఇద్దరు మందదారుల గొంతుపలకలూ సాయంత్రం చదివి వినిపిస్తాయి."

సుమేధ రేవు వైపు చూసింది. తుమ్మ నీడలో అక్కాతమ్ముళ్ళు సద్ది మూట విప్పుకుని, ఎవరి పిల్లలు ఎక్కడున్నారో చెప్పుకుంటున్నారు. ఇదంతా ఎవరో కావాలని కలిపారని పలక చదివితే? తమ ఇద్దరి గుట్టూ ఒక చదువుకునే పిల్ల చేతికి చిక్కిందని, తమ గురించి కళాశాల దాకా మాటలు నడిచాయని తెలిస్తే? మూడేళ్ళు కాదు, బతికినంత కాలం మొహాలు చూసుకోరు.

"మర్చిపోయాను సార్. అజాగ్రత్తే," అని, ఆ గడి నొక్కింది.

ఆయన పత్రం మూసేశాడు.

దీపాలు పెట్టే వేళకి తిప్పక్క ఇంట్లో గొంతుపలక నివేదికని గడగడా చదివింది. సిబ్బంది అజాగ్రత్త, ఆరు క్రెడిట్ల కోత, శిక్షణ ఉత్తీర్ణం కాలేదు. అది ముగిసీ ముగియకముందే వాకిట్లో దగ్గు వినిపించింది. మందని ఏటి అవతల కొడుకుకి అప్పగించి కరెప్ప వచ్చాడు. గడప బయటే ఆగాడు.

"ఆ పాప యాడుంది? రొండు మాటలడగల్ల. ఇట్లనా కాపలా కాసేది?"

"లోపలికొచ్చి అడుగు. బయటుండి అరిస్తే ఊరంతా వింటాది," అంది తిప్పక్క, పీట వాలుస్తూ.

కరెప్ప గడప దాటి వచ్చి కూర్చున్నాడు. తిప్పక్క ముగ్గురికీ సంగటి ముద్దలు పెట్టి, చింతాకు పప్పు పోసింది. ఇక మొదలుపెట్టారు ఇద్దరూ. ఇంత చదువు చదివి ఒక్క మీట గుర్తుండదా అని ఆమె. గొర్రె ఏట్లో కొట్టుకుపోయింటే ఎవరు దిక్కని ఆయన. ఈ కాలం పిల్లలకి పని మీద ధ్యాసే లేదని ఇద్దరూ. ఒకరు ఆగితే ఒకరు అందుకున్నారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఇద్దరికీ ఒకే మాట మీద ఇంత బాగా కుదిరింది.

"తప్పయిపోయిందండీ," అంది సుమేధ, తల వంచుకుని. పటశాల ఉద్యోగం పోయినందుకు బాధగానే ఉంది. ముద్ద మాత్రం దిగుతోంది.

తిట్టి తిట్టి తిప్పక్క మనసు కరిగింది. "పాపం, పిల్ల మంచిదే. ఆ సారుతో నేను మాట్లాడి చూస్తా. ఏదో ఒక్క తూరికి వదిలిపెట్టమని," అంది.

కరెప్ప ముద్ద తుంచుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

"వద్దులేక్కా. తప్పితే తప్పనీ. మళ్ళీ ఏడు గూడా మన తావుకే వస్తాది."