నన్ను చూసేదెవరు

దౌలత్ బీ ఆ ఉదయం జొన్నరొట్టె తడుతూ రెండుసార్లు చేతులు ఆపింది. కళ్ల ముందు మసక కమ్మింది. పాదాలు ఉబ్బి వేళ్లు ముడుచుకోవడం లేదు. ఆమెకు ఏడో నెల. పోయిన ఏడు మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు.

"తలనొప్పి తగ్గలేదత్తా," అంది.

అత్త నన్నీ బీ దూదిలో గింజలు ఏరుతోంది. నందికొట్కూరు దగ్గరి ఆ పల్లెలో దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు వాళ్లది. "కడుపుతో ఉన్నోళ్లకు కాళ్లకు నీరు దిగేదే అమ్మీ. సంగటి తగ్గించు. బిడ్డ పెరిగితే కాన్పు కష్టమయితాది."

మొగుడు జమాల్ బాషా దూది ఏకడం ఆపాడు. "ఆసుపత్రికి పోదాం పా. ఓబులేసన్నను బండి అడిగినా."

"నేను రాను."

ఇద్దరూ తలెత్తి చూశారు. ఆమె ఇదివరకు రెండుసార్లు వెళ్లింది. పొద్దున్నుంచీ వరండాలో కూర్చుంటే, వంతు వచ్చాక నర్సు కృపమణి తలెత్తకుండా "ఎన్నో నెల?" అని అడిగేది. తెచ్చుకున్న సీసాలో ఎర్రమందు పోసేది. తలనొప్పి సంగతి నోట్లో ఉండగానే వెనకామె ముందుకు తోసుకొచ్చేది.

"మందిస్తాండారు కదా. ఇంకేం కావాల నీకు?" జమాల్ విసుక్కున్నాడు.

దౌలత్ బీ రొట్టె పెనం మీదే వదిలి లేచింది. "ఒకసారి నన్ను చూడాల. ఆడ సీసా చూస్తారు, ఈడ కడుపు చూస్తారు. తల పగిలిపోతాండాదంటే ఆమె వినదు, అత్త వినదు. నువ్వు బండి మాట్లాడినావు కానీ, ఏం నొప్పి అని అడిగినావా? పోయిన బిడ్డను ఇట్లే పోగొట్టుకుంటిమి. ఇంక నన్ను చూసేదెవరు?"

రొట్టె మాడిన వాసన వచ్చింది. నన్నీ బీ పెనం దించి, కోడల్ని కూర్చోబెట్టి, ఎదుట తానూ కూర్చుని, ఆమె పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. వేలితో నొక్కితే గుంట పడింది. అది పూడలేదు. అదేమి రోగమో ఆమెకు తెలియదు గానీ, లేచి కొంగు సర్దుకుంది.

"పా, నేనూ వస్తా," అంది.

ఆసుపత్రిలో కృపమణి ఎప్పటిలాగే చెయ్యి చాచింది. నన్నీ బీ సీసా ఇవ్వలేదు. "మందు తర్వాత పోద్దువులే తల్లీ. ముందు నా కోడల్ని చూడు."

"అందర్నీ చూస్తా కూచుంటే పొద్దు గూకుతాది. డాక్టరమ్మ ఒక్కతే, నేనొక్కదాన్నే. వరండా చూసినావా?" ఆ గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ.

"చూసినా. నీ కష్టం నీకుండాది. అయినా ఈ పిల్లను చూసేదాకా లేవను." నన్నీ బీ అక్కడే నేల మీద కూర్చుంది. వెనకనున్నవాళ్లు గొణిగారు. వాళ్లలో ఒకామె మాత్రం మెల్లగా, "నన్ను గూడా చూడమను పెద్దమ్మా," అంది.

కృపమణి తలెత్తింది. ఉబ్బిన దౌలత్ బీ ముఖాన్ని చూసి, ఆమెను లోపలికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ గాజు గొట్టంలో మూత్రం పోసి దీపం మీద వేడి చేసింది. అది పాలు విరిగినట్టు తెల్లగా గడ్డకట్టింది. "మూత్రం ఇట్లా గడ్డకట్టకూడదు. ఇట్లే వదిలేస్తే మూర్ఛలొస్తాయి. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?"

"రెండుసార్లు వచ్చినా," అంది దౌలత్ బీ.

కృపమణి తల వంచుకుంది.

కాన్పయ్యేదాకా ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. ఉప్పు లేని గంజి తాగిస్తూ ఒకరోజు నన్నీ బీ అంది: "జమాల్ కంటే ముందు నాకు ముగ్గురు బిడ్డలు పోయినారమ్మీ. నాకూ కాళ్లు ఇట్లే ఉబ్బేవి. తిండి తగ్గించమనిరి, తగ్గిస్తి. అదే మాట నీకూ చెప్తి." కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. దౌలత్ బీ కోపం పూర్తిగా పోలేదు. అయినా అత్త చెయ్యి పట్టుకుంది.

నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత పిల్ల, కానీ గట్టిగా ఏడ్చింది. జమాల్ వచ్చి, నన్నీ బీ చాపిన బిడ్డను అందుకోకుండా, మంచం దగ్గర వంగాడు.

"నీకెట్లుండాది?"

ఇన్నాళ్లూ కంటతడి పెట్టని దౌలత్ బీ అప్పుడు ఏడ్చింది. అతను జవాబు కోసం అక్కడే కూర్చున్నాడు.