పొట్టేలు మెడలో మాట్లాడే పెన్

తాండూరులో ఆ నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో మిషన్ తిరుగుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. ఎవడు ఎక్కడ బగ్ పెట్టినా గరగర తప్ప ఏమీ రికార్డు కాదు. డిపార్ట్‌మెంట్ తన సీక్రెట్ బ్రీఫింగులకు ఆ చోటును ఎంచుకున్నది అందుకే. ఏసీ గదుల్లోంచి లీకైన రహస్యాలకు లెక్క లేదు. ఈ రాతి బూడిదలోంచి ఒక్కటీ బయటికి పోలేదు.

ఏజెంట్ ఈశ్వర్ గేటు దాటి లోపలికి వచ్చాడు. ఒంటినిండా తెల్లటి పొడితో సూపర్‌వైజర్ ఎదురుపడి, చెవి దగ్గర నోరు పెట్టి అడిగాడు.

"కందుల ధర ఎట్లుంది?"

"చెయ్యి పెడితే కాలుతుంది."

కోడ్ కలిసింది. సూపర్‌వైజర్ వేషంలో ఉన్నది చీఫ్ కిష్టప్ప. ఈ లోకంలో ఈశ్వర్‌కు ఉన్న ఒకే ఒక్క ఫోన్ నంబర్ ఆయనది. అది కూడా మాట్లాడిన ప్రతిసారీ డిలీట్ చేయాలి.

కిష్టప్ప బండ మీద ఒక పసుపు పచ్చ పెన్ పెట్టాడు. బొటనవేలంత లావు ఉంది. దాని ములుకును ఈశ్వర్ చేతిలోని బస్సు టికెట్ మీద ఆనించాడు. ఈశ్వర్ వంగి చెవి పెడితే, పెన్‌లోంచి తియ్యటి ఆడగొంతు పలికింది: "తాండూరు! శభాష్!"

"ఇదేంది సార్, పిల్లల బొమ్మనా?"

"బొమ్మనే. ఐదు అయిపోయి ఆరుకు పోయే పిల్లలకు ఎండాకాలం సెలవుల్ల సరదాగ చదువు నేర్పుతమని ఒక ఫౌండేషన్ పంచుతున్నది. పేపర్ మీద పెడితే చదివి చెప్తది. రోజుకొక ఆట ఇస్తది. ఫలానా అక్షరంతోని మొదలయ్యే వస్తువులు వెతుకు, దుకాణం బోర్డు చదువు, బిస్కెట్ ప్యాకెట్ మీద పేర్లు చదువు అని."

"మంచిదే గద."

"మస్తు మంచిది." కిష్టప్ప పెన్ విప్పాడు. "ఇది కెమెరా. ఇది లొకేషన్ చిప్. ఇది రేడియో. ఫౌండేషన్ వెనక ఉన్నది విదేశీ ముఠా. ఫైళ్ళల్ల దాని పేరు గద్ద."

కోట్‌పల్లి అవతల అడవిలో, భూమి కింద మన సిగ్నల్ స్టేషన్ ఒకటి ఉంది. దానికి గాలి పోయే ఇనుప జాలీ ఎక్కడుందో గద్దకు కావాలి. పెద్దవాళ్ళు ఆ దిక్కు పోతే సెంట్రీ పట్టుకుంటాడు. గొర్లు కాసే పిల్లను ఎవడు చూస్తాడు? మన దేశంలో ఎవరి కంటికీ ఆనకుండా తిరగాలంటే మారువేషం అక్కర్లేదు. పేదింటి పిల్లగా పుడితే చాలు.

"ఫౌండేషన్ పెట్టిన సెలవుల క్యాంప్ నడిపే భాగ్యశ్రీ మన ఏజెంటే, ముఠాల చేరి ఉన్నది. ఆఖరి ఆటనాడు అసలు బాస్‌ను పట్టిస్త అన్నది. అప్పటిదాంక నువ్వు వినుడే. రేడియో రెండు కిలోమీటర్లు దాటదు కాబట్టి దగ్గర్నే ఉండాలె." ఒక ఐస్ డబ్బా చూపించాడు కిష్టప్ప. మూత కింద పుల్ల ఐసులు, అడుగున రిసీవర్. "లోపల ఎర్ర మీట ఉంది. నొక్కితే నీ గొంతు పెన్‌ల వినిపిస్తది. నొక్కకు. భాగ్యశ్రీ ఒక్కతే గాదు, గద్ద గూడ వింటది. ఇంకోటి. నీ అసలు పేరుల ఒక్క అక్షరం గూడ బయటికి పోవద్దు."

"పోయేదుంటే ఎవరి దగ్గరికి పోవాలె సార్?" తిరిగి నడుస్తూ అన్నాడు ఈశ్వర్.

మిషన్ రొదలో ఆ మాట చీఫ్‌కు వినపడలేదు.

* * *

వికారాబాద్ స్టేషన్ ఎదురుగా లాడ్జిలో గది. పొద్దున్నే టీవీఎస్ బండి మీద ఐస్ డబ్బా కట్టుకుని కోట్‌పల్లి దారి. అడవి అంచున మోదుగు చెట్టు కింద స్టాండు. ఊరి పిల్లలకు అతను ఐస్ మామ. చెవిలో ఇయర్‌ఫోన్. చూసినవాడు పాటలు వింటున్నాడనుకుంటాడు.

ఈశ్వర్ వింటున్నది అంజలిని.

అంజలికి పదకొండేళ్ళు. అమ్మానాన్న పుణెలో బిల్డింగుల పనికి పోయారు. అవ్వ మొగులమ్మకు మోకాళ్ళు వంగవు. కాబట్టి పొద్దంతా అడవిలో గొర్లు, అంజలి. మాట్లాడటానికి మనిషి లేడు. ఆ పిల్ల పెన్‌తో మాట్లాడేది.

"అక్కా, అన్నం తిన్నవా?"

"శభాష్!" అనేది పెన్. "ఇప్పుడు 'గ'తో మొదలయ్యే మూడు వస్తువులు వెతుకు!"

"గొర్రె. గొంగడి. గంట. అయిపాయె. ఇగ నువ్వు చెప్పు, మీ ఇంట్ల ఎంతమంది?"

పెన్ మాట్లాడదు. మెషిన్‌కు ఇల్లెక్కడిది? మోదుగు చెట్టు కింద ఈశ్వర్, మీట నొక్కకుండానే, మెల్లగా అనేవాడు: "ఒక్కన్నే."

అంజలి ఐదో తరగతి పాసైంది. కాగితం మీద. నాలుగు అక్షరాలు వరసగా పెడితే చెమటలు పట్టేవి. కూడబలుక్కునే లోపల సారు తర్వాతి పిల్లకు పోయేవాడు. మరి పాసైంది ఎవరు? ఆ పిల్లా, పాస్ చేశామని చెప్పుకున్నవాళ్ళా? అవ్వ సంగతి తేల్చేసింది: "సదువు రాని దాన్ని హైస్కూలుకు పంపి ఏం జెయ్యాలె? గొర్లన్న కాస్తది." జూన్‌లో బడి తెరిచేలోగా చదువు రాకపోతే ఇక అంజలికి అడవే. అందుకే ఆ పెన్‌ను ప్రాణంలా చూసుకునేది. ఆ పిల్లకు ఆట పెట్టి అక్షరం నేర్పే తీరిక మన దేశానికి దొరకలేదు. శత్రువుకు దొరికింది.

ఒకరోజు పెన్ చెప్పింది: "నీ ఇంట్లో ఉన్న జంతువుకు కథ చదివి వినిపించు!"

మంద ముందు నడిచే కొమ్ముల పొట్టేలుకు అంజలి పెట్టిన పేరు దొర. దొర ఎటు పోతే గొర్లన్నీ అటే, ఎందుకని అడగవు. కథ వినాల్సింది దొరే గనక, పెన్‌ను తీసుకుపోయి దొర మెడలో గంట తాడుకే కట్టింది. గౌనుకు జేబు లేదు, చేతిలో కట్టె. గొర్లవాళ్ళకు పోగొట్టుకోకూడని వస్తువును దాచే బీరువా అదే, ముందు పొట్టేలు మెడ. అప్పటినుంచి గద్దకు చేరుతున్న మ్యాపంతా ఒక పొట్టేలు తిరిగిన దారే.

ఈశ్వర్ నవ్వుకున్నాడు. కానీ ఆ సాయంత్రమే అంజలి గొంతు వినపడింది: "అక్కా, పగటీలి ఎండ కొడితే మా దొర ఎర్ర అక్షరాల బోర్డు దిక్కే ఉరుకుతడు. ఆడ భూమిలకెల్లి సల్లగాలి వస్తదేమో. నేనే గుంజుకొస్తున్న."

ఈశ్వర్ నవ్వు ఆగిపోయింది. ఇనుప జాలీ ఆచూకీని పొట్టేలు పట్టేసింది. పిల్ల చెప్పేసింది. ఎవరితో చెప్పుకోవాలో తెలియక చెప్పింది.

* * *

మరునాడు చెట్టు కింద తెల్లకారు ఆగింది. చలువ కళ్ళద్దాలు, నీలం సిల్కు చీర, అడవిలో కూడా తగ్గని సెంటు వాసన. భాగ్యశ్రీ.

"సేమియా ఐస్ ఉందా?"

"ఉన్నది మేడం. కరిగేలోపల తినాలె."

కోడ్ కలిసింది. ఆమె ఐస్ కొరుకుతూ గొంతు తగ్గించింది. "రేపే ఆఖరి ఆట. పిల్లను చెరువు కట్ట మీదికి పంపుతాను. ముఠా బాస్ అక్కడికే వస్తాడు. మీ వాళ్ళను కట్ట దగ్గర పెట్టండి. అడవి వైపు ఎవరూ వద్దు."

"అట్లనే."

"మీరు మరీ ఒంటరిగా కనిపిస్తున్నారు."

"వేషం మేడం."

"వేషం ఐస్ డబ్బా," అంది భాగ్యశ్రీ. "ముఖం మీదేగా." ఐస్ పుల్ల పారేసి కారెక్కింది.

* * *

ఆఖరి ఆట రోజు. ఎండ మండుతోంది. కిష్టప్ప మనుషులంతా చెరువు కట్ట చుట్టూ ఉన్నారు. ఈశ్వర్ మాత్రం చెట్టు కిందనే ఉన్నాడు. ఆ పిల్ల గొంతు వినకుండా ఒక రోజు గడపడం అతని చేత కాలేదు. డ్యూటీ అని పేరు పెట్టుకున్నాడు.

ఇయర్‌ఫోన్‌లో పెన్ పలికింది. అది మెషిన్ గొంతు కాదు. భాగ్యశ్రీ గొంతు.

"అంజలీ! ఇదే ఆఖరి ఆట. ఎర్ర అక్షరాల బోర్డు దాటి, చల్లగాలి వచ్చే ఇనుప జాలీ మీద నన్ను పెట్టు. గెలిస్తే నేనే వచ్చి నిన్ను హైస్కూల్లో చేర్పిస్తాను."

ఈశ్వర్ లేచి నిలబడ్డాడు. చెరువు కట్ట అబద్ధం. ముఠా బాస్ ఎవరో కాదు, ఆమే. ఇక ఆ ఎర్ర అక్షరాల బోర్డు వెనక ఏముందో అతనికి తెలుసు. పాత ఫైరింగ్ రేంజ్. పేలకుండా మట్టిలో మిగిలిపోయిన గుండ్లు.

ఫోన్ తీశాడు. "సార్, భాగ్యశ్రీ డబుల్ ఏజెంట్. పిల్లను గుండ్ల మీదికి తోలుతున్నది."

"బయలుదేరుతున్నం," అన్నాడు కిష్టప్ప. "ఈశ్వర్, మీట నొక్కకు. నీ గొంతు వింటే ఆమె పారిపోతది. రెండేండ్ల ఆపరేషన్ మట్టి గొట్టుకపోతది."

"మీరొచ్చేదాంక పిల్ల ఆగుతదా?"

ఆ ప్రశ్న రూల్ బుక్‌లో లేదు.

ఈశ్వర్ ఐస్ డబ్బాలోకి చెయ్యి పెట్టాడు. ఎర్ర మీట నొక్కాడు.

"అంజలీ, ఆగు!"

దొర మెడలోంచి మొగ గొంతు రావడంతో పిల్ల ఉలిక్కిపడింది. "అక్కా! నీ గొంతుకేమైంది? సర్ది అయిందా?"

"నేను అక్కను గాదు. ఐస్ మామను. ముందుకు పోకు బిడ్డా."

"ఐస్ మామవు పెన్‌ల ఎట్ల జొచ్చినవ్?" నవ్వింది. మరుక్షణం గొంతు మారింది. "నా ఆట బంద్ జేయిస్తున్నవా? ఇది గెలిస్తేనే మా అవ్వ నన్ను బడికి పంపుతది. నేను పోత."

"పో. గని బోర్డు సదివి పో. సదవకుంటే గెలిచినట్టు గాదు."

"పెన్‌తోని సదివిస్త. ఓ దొరా, ఆగు! మామా, దొర బోర్డు దాటిండు! పెన్ వాని మెడలనే ఉన్నది!"

"అయితే నువ్వే సదువు."

"నాకు రాదు."

"మొదటి అక్షరం?"

గాలి. గంట చప్పుడు. కాస్త దూరం నుంచి పిల్ల గొంతు.

"ప... కింద కొంకి ఉన్నది. ప్ర."

"శభాష్."

"మా. దం. ప్ర... మా... దం." గొంతు సన్నబడింది. "పే... ల... ని. గుం... డ్లు." ఇక సహాయం అడగలేదు. మిగిలింది తనే గబగబా కూడబలుక్కుంది. "మామా! ఈడ గుండ్లున్నయట! దొర లోపల ఉన్నడు! అన్నీ వాని ఎన్కనే పోతయ్!"

ఈశ్వర్‌కు ఎన్నో తాళాలు తీయడం వచ్చు. పొట్టేలును వెనక్కి తిప్పడం రాదు. "మీ అవ్వ ఎట్ల పిలుస్తది?"

జవాబుగా గలగలమని చప్పుడు. గొర్లకు నాకించే దొడ్డుప్పు డబ్బాను అంజలి నడుము నుంచి తీసి ఊపుతోంది. "ద్ర్ర్ర్... హే... ద్ర్ర్ర్..."

అవతల భాగ్యశ్రీ కారులో, పెన్ కెమెరా చూపే స్క్రీన్ మీద అప్పటికే ఇనుప జాలీ అంచు కనబడుతోంది. ఇంకొక్క అడుగు. ముందు చల్లగాలి, వెనక ఉప్పు. దొర చెవులు కదిలాయి. తల తిప్పాడు. ఉప్పు దిక్కే నడిచాడు, వచ్చిన అడుగుల మీదనే. స్క్రీన్ మీద గడ్డి, ఆకాశం, గొర్ల వీపులు.

"అట్లనే ఊపుకుంట ఉరుకు! నా బండి కాడికి, రోడ్డు మీదికి!" అరిచాడు ఈశ్వర్.

ఆ మాట భాగ్యశ్రీకి కూడా వినపడింది. జాలీ ఇక చిక్కదని తేలడంతో, పారిపోవడానికి తెల్లకారు పొదల చాటు నుంచి దూసుకొచ్చి తారు రోడ్డెక్కింది. అదే క్షణంలో ఉప్పు డబ్బా వెనక మందంతా రోడ్డెక్కింది. ఆమె హారన్ కొట్టింది. పట్నపోళ్ళు చేసే తప్పే అది. హారన్ కొడితే గొర్లు తప్పుకోవు, బెదిరి ఒకదానికొకటి అతుక్కుంటాయి. కారు చుట్టూ ఉన్ని గోడ లేచింది. తలుపు తెరుద్దామన్నా సందు లేదు. వెనక నుంచి నాపరాళ్ళ లారీ వచ్చి అడ్డంగా ఆగింది. కిష్టప్ప దిగాడు.

ఈశ్వర్ గొర్ల నడుమ నుంచి పోయి కారు అద్దం మీద కొట్టాడు. "ఏ ఐస్ కావాలె మేడం? సేమియా అయిపోయింది."

ఆమె కళ్ళద్దాలు తీసింది. "ఒక గొర్ల పిల్ల కోసం రెండేళ్ళ ఆపరేషన్ పణంగా పెట్టావా?"

"మీకు గొర్ల పిల్ల. నాకు, నాతోని మాట్లాడిన మనిషి."

* * *

ఆ సాయంత్రం ఈశ్వర్ మొగులమ్మ గుడిసె ముందు కూచున్నాడు. ముసలామె మందనంతా ఒక్కొక్కటి తడిమి చూసుకుంది.

"పిల్ల బోర్డు సదివింది గనక నీ గొర్లు బతికినయ్ అవ్వా."

మొగులమ్మ దొర కొమ్ముల నడుమ గీరుతూ ఉండిపోయింది. "గొర్లను బతికిచ్చిన సదువు," అంది చివరికి. "ఇగ నేనెట్ల వద్దంట? పోనీ తియ్యి. మోకాళ్ళు లేకున్న మంచిదే, గొర్లెంబడి నేనే పోత."

పెన్నులన్నీ సీల్ చేసి తీసుకుపోయారు. క్యాంపు మూతపడింది. దానికి బదులు మనమే ఒకటి నడపవచ్చు కదా అని ఈశ్వర్ అడిగితే, అది డిపార్ట్‌మెంట్ పరిధిలోకి రాదని జవాబు. దేశాన్ని కాపాడటం వరకే పరిధి. ఈశ్వర్‌కు వికారాబాద్‌లో రైలెక్కమని ఆర్డర్. కొత్త ఊరు, కొత్త పేరు.

బండి తీస్తుంటే అంజలి ఉరికొచ్చింది.

"మామా, నీ పేరేంది?"

ఈశ్వర్ బండి ఇంజిన్ ఆపాడు. చెప్పడానికి చాలా పేర్లున్నాయి. అన్నీ అబద్ధాలే.

అంజలి చేతిలోని కట్టెను పెన్‌లా పట్టుకుంది. దాని కొనను ఈశ్వర్ ఛాతీకి ఆనించింది. అచ్చం అక్క గొంతు పెట్టింది. "మొదటి అక్షరం చెప్పు! మిగతాది నేను వెతుక్కుంట!"

అడవి మీదుగా గాలి వీచింది. అతన్ని వెతుకుతామని ఎవరైనా అని ఎన్నేళ్ళయిందో.

"ఈ," అన్నాడు.

"శభాష్!" అంది అంజలి. "ఈత... ఈల... ఈగ..." వెతుకుతూనే ఉంది. బండి మలుపు తిరిగేదాకా వినపడుతూనే ఉంది.

ఆపరేషన్ గద్ద ఫైనల్ రిపోర్టులో ఏజెంట్ రాసింది: "రహస్యాలేవీ బయటికి పోలేదు." ఒక్క అక్షరం పోయింది. దాన్ని మాత్రం అతను రాయలేదు.