టెస్టర్ వెలగని డబ్బా

"మావారు అజాగ్రత్త మనిషి కాదండీ. ఆ ఒక్క మాట మీరు తేల్చి పెట్టండి, చాలు."

వచ్చిన ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. ఆమె భర్త ఇళ్ళ తనిఖీదారు. అమ్మకానికి వచ్చిన ఇళ్ళ కప్పులూ గోడలూ కరెంటూ చూసి, బాగోగులు చెప్పడం ఆయన పని. నిన్న ఒక ఇంట్లో కరెంటు మెయిన్ డబ్బాని ముట్టుకోగానే షాక్ కొట్టి పడిపోయాడు. ప్రాణం దక్కింది గానీ ఇంకా కళ్ళు తెరవలేదు. ఆఫీసు వాళ్ళు మాత్రం అప్పుడే తప్పంతా ఆయనదేనని తేల్చేశారు.

డిటెక్టివ్ యాభై దాటిన మనిషి. లాయరు పని వదిలేసి ఈ పనిలోకి వచ్చింది. కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఒకే ప్రశ్న వేసింది.

"కాలిన గాయం ఎక్కడుందమ్మా?"

"కుడిచేతి వేళ్ళ వెనక, కణుపుల మీద."

తుడుస్తున్న చెయ్యి ఆగింది. "అయితే వస్తాను, పదండి."

ఆమె సహాయకుడు ఒకప్పుడు పత్రికలో ప్రూఫులు దిద్దేవాడు. తప్పు కనబడితే పట్టుకోగలడు గానీ ఈ గాయంలో ఏముందో అంతుబట్టలేదు. కారులో అడిగేశాడు.

"అరచేత్తో పట్టుకుంటే షాక్‌కి పిడికిలి బిగుసుకుపోతుందయ్యా. వదిలించుకోలేం. వేళ్ళ వెనక భాగం తాకిస్తే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. అలా తాకించేవాడు అజాగ్రత్త మనిషా?"

"మరి టెస్టర్ పెట్టి చూడలేదా?"

"అదే నాకూ తెలుసుకోవాలనుంది."

ఆ ఇల్లు ఒక బేకరీ ఆయనది. వెనక వరండా గోడకి, నడుం ఎత్తు కంటే కిందగా, బూడిదరంగు ఇనప డబ్బా. మెయిన్ ఆపేసి ఉంది.

"టెస్టర్ పెట్టాడండీ, నా కళ్ళతో చూశాను," అన్నాడు బేకరీ ఆయన. "ముందు పక్క ప్లగ్గులో పెట్టాడు, వెలిగింది. తర్వాత డబ్బాకి పెట్టాడు, వెలగలేదు. జేబులో పెట్టేసుకున్నాడు. టార్చి తీసి అటూ ఇటూ చూసి, మోకాలు నేలకి ఆన్చి చెయ్యి చాపాడు. అంతే."

"నేల తడిగా ఉందా?"

"అప్పుడే తుడిచాం."

"టెస్టర్ పెట్టడానికీ చెయ్యి చాపడానికీ మధ్య?"

"కాసేపు పట్టింది. ఇల్లు కొంటానన్న ఫర్నిచర్ షాపాయన నాతో గదుల కొలతలు మాట్లాడుతున్నాడు."

బేకరీ ఆయన మరదలు ఆ ఇంట్లోనే ముందు గదిలో పిల్లలకు వయొలిన్ నేర్పుతుంది. ఇల్లు అమ్మడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదని ముఖమే చెబుతోంది.

"ఆ సమయానికి మీరేం చేస్తున్నారమ్మా?"

"స్నానానికి హీటర్ స్విచ్చి వేశానండీ. ఆ వెంటనే కేక వినబడింది."

సహాయకుడు ఉలిక్కిపడి డిటెక్టివ్ వైపు చూశాడు. ఆమె మాత్రం తాపీగా ఇంకో ప్రశ్న వేసింది.

"బాత్‌రూములో పంపు ముట్టుకుంటే ఎప్పుడైనా జివ్వుమందా?"

"అంతకుముందు రోజు సాయంత్రం అనిపించింది. వాయించి వాయించి వేళ్ళు తిమ్మిరెక్కాయనుకున్నాను. కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి. దానికి ముందు ఎప్పుడూ లేదు."

"ఆ రోజు ఇంటికి ఎవరైనా వచ్చారా?"

"మధ్యాహ్నం ఫర్నిచర్ షాపాయన వచ్చారు, పెరటి గోడ కొలుచుకోవాలని. బావ బేకరీలో ఉన్నారు. నేను పాఠం చెబుతూ లేవలేదు."

ఇంట్లోవాళ్ళని లోపలే ఉండమని, డిటెక్టివ్ తనకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి పెరట్లోకి తీసుకెళ్ళింది. డబ్బా నుంచి బయలుదేరిన ఎర్త్ తీగ ఒక పైపులో దూరి, నీళ్ళ ట్యాంకు వెనక నేలలోకి దిగుతుంది. పైకి చూస్తే చెక్కు చెదరలేదు. అతను పైపు సడలించి లాగితే తీగ రెండు ముక్కలుగా వచ్చింది. కోసిన చోట రాగి కొత్తగా మెరుస్తోంది.

"అతికించి, పైపు ఎప్పటిలా బిగించెయ్. హీటర్ తీగలు ఊడదీసి పక్కన పెట్టు. ఎవరితోనూ అనకు," అంది డిటెక్టివ్.

తిరుగు దారిలో సహాయకుడు ఆగలేకపోయాడు. "మరదలేనండీ. అమ్మకం ఆగాలని ఆమెకే ఉంది. స్విచ్చి వేసిందీ ఆమే."

"తీగ కోసినావిడ ఆ సాయంత్రమే వెళ్ళి పంపు ముట్టుకుంటుందా?"



మర్నాడు ఉదయం అందరూ ఆ ఇంటి హాల్లో చేరారు. తనిఖీదారు భార్య వచ్చింది. గుమ్మం దగ్గర పోలీసు అధికారి నిలబడ్డాడు. ఫర్నిచర్ షాపాయన తొందరగా వెళ్ళాలన్నాడు.

"ఎంతోసేపు పట్టదు," అంది డిటెక్టివ్. "లోపం ఎక్కడుందో దొరికింది. బాగు చేయించాం. మీరు ముగ్గురూ వెళ్ళి బాగు చేసిన చోటు ఒకసారి చూసి రండి."

బేకరీ ఆయన తిన్నగా వరండాలో డబ్బా దగ్గరికి నడిచాడు. మరదలు బాత్‌రూము వైపు వెళ్ళింది. ఫర్నిచర్ షాపాయన పెరట్లోకి దిగి, నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి, పైపు ముందు వంగాడు.

వంగినవాడు లేచి తిరిగేసరికి డిటెక్టివ్ వెనకే ఉంది.

"చోటెక్కడో నేను చెప్పలేదే," అంది.

అందరూ మళ్ళీ హాల్లోకి వచ్చాక ఆమె విడమరిచి చెప్పింది.

"ఈ ఇంటి హీటర్‌లో ఎప్పటి నుంచో సన్నగా కరెంటు లీకవుతోంది. లీకు పసిగట్టి ఆపేసే స్విచ్చి ఈ ఇంట్లో లేదు. అయినా ఎర్త్ తీగ ఉన్నన్నాళ్ళూ అది నేలలోకి పోయింది, ఎవరికీ తెలియలేదు. తీగ కోశాక దానికి దారి లేదు. ఇంట్లో ఎర్త్ తీగలన్నీ కలిసేది ఆ డబ్బాలోనే. అందుకే హీటర్ వేస్తే పంపుకీ డబ్బాకీ కూడా కరెంటు వస్తుంది. తనిఖీదారు టెస్టర్ పెట్టినప్పుడు హీటర్ వెయ్యలేదు, వెలగలేదు. ఆయన టార్చి వేసి చూస్తుండగా ఈమె స్విచ్చి వేసింది. తడి నేల మీద మోకాలు ఆన్చిన మనిషిలోంచి కరెంటు దారి చూసుకుంది."

మరదలు గోడకి ఆనుకుంది. "అయితే నా వల్లేనా?"

"మీరు వేసింది హీటర్ స్విచ్చి, అంతేనమ్మా. మీ బావ అమ్మాలనుకుంటున్న మనిషి, ఇంటికి వంక తెచ్చుకోడు. మీరు పంపు ముట్టుకున్నారు. ఇక మిగిలింది ఒక్కరే. తీగ పైకి ఊడి కనబడితే ఇంటాయన అప్పటికప్పుడు బిగించేస్తాడు. లోపల తెగితే తనిఖీదారు పెట్టి చూసే మీటరుకు మాత్రమే దొరుకుతుంది, వైరింగంతా పాతదన్న పేరొస్తుంది. ఔనా అండీ?"

ఫర్నిచర్ షాపాయన తల వంచుకున్నాడు. "ధర కాస్త దిగొస్తుందనుకున్నాను. హీటర్ సంగతి నాకు తెలీదు. ఎవరికో ఏదో జరగాలని కాదు."

"ఆ మాట ఆయన కళ్ళు తెరిచాక ఆయనతోనే చెప్పండి," అంది తనిఖీదారు భార్య. గొంతు పెంచలేదు. పోలీసు అధికారి ముందుకొచ్చాడు.

తనిఖీదారు స్పృహలోకి వచ్చాడని కబురందాక డిటెక్టివ్, సహాయకుడు ఆసుపత్రికి వెళ్ళారు. ఆఫీసు వాళ్ళు మాట వెనక్కి తీసుకున్నారని భార్య ఆయనకు చెబుతోంది. ఆయన వింటున్నట్టే లేడు. కట్టు కట్టిన చెయ్యి కొంచెం ఎత్తి, పొడిబారిన గొంతుతో అడిగాడు.

"ఆ ఇంట్లో మెయిన్ ఆపారా? నా తర్వాత దాన్నెవరూ ముట్టుకోలేదు కదా?"

"ఎవరూ ముట్టుకోలేదండీ," అంది భార్య. "అందరూ బాగున్నారు."

అప్పుడు గానీ ఆయన తల దిండుకు ఆనలేదు.