ముందే చెప్పాల్సిన మాట

"నర్సుల పెన్షన్ ఫండ్‌ని ఈ ఉదయమే మింగేస్తారు," అన్నాడు చీఫ్, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ బేస్‌మెంట్‌లో బ్లైండ్స్ దించుతూ. "విదేశీ ముఠా. డొల్ల కంపెనీ షేర్లు పోగేసింది. బ్రోకర్ ఆఫీసులో అడ్వైజర్ సలహా ఇస్తుంది, ఫండ్ కొంటుంది, వీళ్లు అమ్ముకుని విమానమెక్కేస్తారు."

"అడ్వైజర్ మనకి రహస్యంగా సమాచారమిచ్చే మనిషే కదా సార్?"

"వాళ్ల మనిషి కూడా. ఫీజు కింద ఆ షేర్లే తీసుకుంది."

డేగ అని పేరుపడ్డ ఏజెంటు మీసం సర్దుకున్నాడు. ఆమెపై నిఘాకి ధనవంతుడైన క్లయింటు వేషంలో నెలల తరబడి ఆమె ఎదుటే కూర్చున్నాడు. మీసం అంటించుకున్నది, సూటు అద్దెది. ప్రేమ మాత్రం నిఖార్సయినదే. ఆ ఒక్క సంగతీ చీఫ్‌కి చెప్పలేదు.

"సాక్ష్యం లేకుండా ట్రేడింగ్ ఆపలేం. అక్కడ ప్రతి కాల్ రికార్డవుతుంది. ఆమె ఆ లైన్‌లో నిజం కక్కితే నీ కఫ్‌లింక్ మైక్‌లో 'గొడుగు' అను. ఆపేస్తాం. కక్కకపోతే ఆ నర్సమ్మలు వీధిన పడ్డట్టే."

బ్రోకర్ ఆఫీసు డీలింగ్ రూమ్ గుమ్మం దగ్గరే అందరితో పాటు డేగ సెల్‌ఫోన్ కూడా తీసుకున్నారు. ఎర్ర గౌనులో ఆమె ఎప్పటిలాగే మతిపోగొట్టేలా ఉంది. ఆమె వెనక ముఠా మనిషి, చెయ్యి కోటు జేబులో. మార్కెట్ తెరిచే వేళ దగ్గరపడింది. ఆమె ఫోన్ కలిపింది.

స్పీకర్‌లో నర్సుల ఫండ్ పెద్దావిడ ముసలి గొంతు పలికింది. "రాత్రి డ్యూటీలు చేసి కూడబెట్టుకున్నాం తల్లీ. ఏం కొనమంటావో చెప్పు."

సలహాకి ముందు అందులో తన లాభమేమిటో అడ్వైజర్ చెప్పి తీరాలని చట్టం. అందరూ దాన్ని గడగడా అప్పజెప్పేస్తారు, ఎవరూ చెవిన పెట్టరు. ముఠా మనిషీ ఆవులించాడు.

ఆమె మాత్రం నిదానంగా చెప్పింది. "ఈ షేర్లు నా దగ్గరా ఉన్నాయి పెద్దమ్మా. నా వెనక నిలబడ్డాయన ముఠా ఇచ్చింది. మీరు కొంటే మేం అమ్ముకుని పారిపోతాం. కొనొద్దు."

పిస్తోలు బయటికొచ్చింది.

"గొడుగు!" అని అరుస్తూ డేగ పెన్ను క్యాప్ నొక్కాడు. ముఖం మీద మత్తు గ్యాస్ చిమ్మింది, ముఠా మనిషి కుప్పకూలాడు. మార్కెట్ తెరిచే గంట మోగుతుండగానే స్క్రీన్లన్నీ ఆగిపోయాయి.

తన మాటలే ఆమెను జైలుకి పంపుతాయి. డేగ బేడీలు తీశాడు. ఆమే మణికట్లు ముందుకు చాపింది.

"మీసం ఊడిపోతోంది," అంది. "మీరెవరో మొదట్నుంచీ తెలుసు. మీరే చెప్తారేమోనని ఎదురుచూశా. చెప్పుంటే ఆ షేర్లు ముట్టుకునేదాన్ని కాదు."

డేగ బేడీల తాళం తిప్పుతూ అందరి ముందూ ఏడ్చేశాడు.

సాయంత్రం చీఫ్ భుజం తట్టాడు. "శభాష్! కోర్టులో కేసు నువ్వే నడిపించాలి."

"నడిపించలేను సార్. ముందే చెప్పాల్సింది. ఇందులో నాకు స్వార్థం ఉంది."

"ఎంత?"

"ఉన్నదంతా సార్."

చీఫ్ తన కర్చీఫ్ తీసి ఇచ్చాడు.

"మీసం కూడా తీసెయ్యి. ఇంకా సగం వేలాడుతోంది."