గుడ్డి మోటారు

బెంగాల్లో, లిలువా రైలు వర్క్‌షాపు వెనక సందులో ఉంది ఢిల్లీశ్వరరావు ఇనుము చెక్కే లేతు మెషిన్ల షెడ్డు. ఆ రోజు విశ్వకర్మ పూజ. పొద్దున్నే మెషిన్లకు బంతిపూల దండలేసి, మెయిన్ ఫ్యూజులు పీకి దేవుడి ముందు పళ్లెంలో పెట్టేశారు. ఆ ఒక్క రోజు మెషిను నడపకూడదు. బెంగాలీలకైనా, మన శ్రీకాకుళం వాళ్లకైనా అక్కడ అదే ఆచారం. మధ్యాహ్నం కిచిడీ తిని కుర్రకారంతా గాలిపటాలెగరెయ్యడానికి మేడలెక్కారు. షెడ్డులో మిగిలింది ఇద్దరే: యజమాని, అరుణకుమారి.

అరుణకుమారి పాత లేతులకు కంప్యూటర్ కంట్రోలూ, మోటార్లూ అమర్చే మనిషి. ఈ షెడ్డులో ఉన్న పాత లేతుకు ఏ మోటార్లు వెయ్యాలో రాసిచ్చింది ఆమే. వాటిలో రెండు రకాలున్నాయి. పదడుగులు వెయ్యమంటే, మధ్యలో కాలు జారినా, పదీ వేశాననుకునే గుడ్డి మోటారు ఒకటి. రెండోదానికి కళ్లుంటాయి, తానెక్కడుందో క్షణక్షణం చూసుకుని, తేడా వస్తే ఆగిపోతుంది. కళ్లున్నదే కావాలని ఆమె రాసింది. ఢిల్లీశ్వరరావు చవకని గుడ్డివి తెచ్చి బిగించాడు. పద్దెనిమిది రోజులు బాగానే తిరిగింది. పంతొమ్మిదో నాడు ఇనుము కోసే టూలు దారి తప్పి, ముక్కను దవడలతో పట్టుకుని గిర్రున తిరుగుతున్న చక్కును గుద్దింది. ఉక్కుముక్క ఎగిరొచ్చి, మెషిను నడుపుతున్న వెంకటేశు గుండెల్లో దిగింది.

వెంకటేశు ఆమె అన్న. ఆమె చేతుల మీద తన పెద్ద చేతులేసి, లేతు తిప్పడం నేర్పింది అతనే.

ఢిల్లీశ్వరరావు లేబరాఫీసుకిచ్చే కాగితం ముందుకు తోశాడు. "సంతకం పెట్టీ అమ్మీ. మోటార్లు నువ్వే ఎంచేవని, తప్పు నడిపినోడిదని. అంతే."

"నేనెంచినవేవి మావయ్యా? నువ్వు తెచ్చినవేవి?"

"ఏటా గొంతు? ఆ రోజు మీ అన్న తాగున్నాడు."

"చచ్చిపోయినోడి నోట్లో సారా పోస్తావేటి? సిగ్గునేదూ?" ఆమె చేతులు కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

"మోటార్లే ప్రాణం తీసేయంటావు. చూడు, మరి!" అతను అదే లేతు చక్కు దవడల మధ్య చెయ్యి పెట్టాడు. "ఏదీ, కొరికిందా?"

బయట మబ్బు కమ్మింది. షెడ్డంతా కాలిన నూనె వాసన, ఆరిన సాంబ్రాణి వాసన. మేడల మీద "భోకట్టా!" అంటూ గాలిపటం తెగ్గానే వేసే కేకలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

టిక్.

మోటారు పెట్టెలో ఎర్రదీపం మినుక్కుమంది.

కరెంటు లేని మోటారును చేత్తో తిప్పితే, సైకిలు డైనమోలాగే కాస్త కరెంటు పుడుతుంది. ఆ దీపం వెలుగుతుంది. అరుణకుమారికి అది తెలుసు. అంటే... ఎవరో తిప్పుతున్నారు.

టిక్... టిక్...

టూలు చక్కు వైపు కదిలింది. ఢిల్లీశ్వరరావు చెయ్యి లాక్కోబోయాడు. చొక్కా దవడలో ఇరుక్కుంది.

"అమ్మీ... ఆపు."

"ఫ్యూజులు పళ్లెంలో ఉన్నాయి మావయ్యా. ఏటాపను?"

టిక్... టిక్... టిక్...

"నానే తెచ్చేను! గుడ్డివని తెలిసే తెచ్చేను! ఎంకటేశు తాగనేదు!"

"రేపు అందరి ముందూ చెప్తావా?" ఆమె గొంతు గుసగుసలా వచ్చింది.

"చెప్తాను... ఒట్టు..."

మణికట్టుకు వేలెడు దూరంలో టూలు ఆగింది. దీపం ఆరింది. అతను చొక్కా చింపుకుని వీధిలోకి పరిగెత్తాడు.

అరుణకుమారి గుమ్మం నుంచి అంగుళం కదల్లేదు. మెల్లగా, కట్టుకున్న చేతులు విప్పింది.

మణికట్ల దాకా గ్రీజు. తాజాగా... వెచ్చగా.

ఆ నలుపు మీద, రెండు చేతుల వెనకా, ఎవరో బిగించి పట్టుకుని తిప్పించినట్టు పెద్ద పెద్ద వేళ్ల గుర్తులు... చేతికి నాలుగు చొప్పున ఎనిమిది.